ఏడురాళ్ల దుద్దులకు విడి వజ్రాలు: నాణ్యతను ఎలా చూసుకోవాలి?

ప్రశ్న – గుంటూరు గృహిణి

నమస్కారం. వచ్చే మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి నిశ్చయమైంది. ఆడపిల్లకు పెళ్లిలో ఏడురాళ్ల వజ్రపు దుద్దులు పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. తయారైన దుద్దులు కొనే బదులు విడి రాళ్లను మేమే చూసి ఎంచుకొని, మాకు చాలాకాలంగా నగలు చేస్తున్న ఆచారి గారి చేత కట్టించుకోవాలని అనుకుంటున్నాము. ఒక్కొక్కటి 10 సెంట్లు (క్యారెట్‌లో పదో వంతు) ఉండేలా, రెండు చెవులకూ కలిపి 14 రాళ్లు కావాలి.

ఇంతవరకు మూడు దుకాణాల్లో అడిగాము. మొదటి చోట ఇ-ఎఫ్ రంగు (డి మొదలు జెడ్ దాకా సాగే తరగతుల్లో డి తర్వాతివి), వి.వి.ఎస్. శుభ్రత (లోపాలు అతి స్వల్పం) అంటూ చాలా ఎక్కువ ధర చెప్పారు. రెండవ చోట ఇవి బ్లూ జాగర్ రాళ్లు, వీటిని మించినవి లేవని అన్నారు గాని, రంగు ఏ తరగతో కాగితం మీద వ్రాసి ఇమ్మంటే ఇవ్వలేదు. మూడవ చోట ల్యాబ్‌లో పెంచిన రాళ్లు చూపించి, చాలా తక్కువకే వస్తాయని చెప్పారు. మా కంటికి మూడూ ఒకేలా మెరిశాయి. మా అత్తగారు మాత్రం రాయిలో నల్ల చుక్క గాని, కాకిపాదం (కాకి అడుగు వంటి గుర్తు) గాని ఉండకూడదని పట్టుదలగా ఉన్నారు.

ఇంత చిన్న రాళ్లలో దేనికి డబ్బు పెట్టడం న్యాయం, దేనికి అనవసరం? పత్రం ఒక్కొక్క రాయికీ అడగాలా? సహజమైన రాయే ఇస్తున్నారని ఎలా నమ్మాలి? దుద్దుల వెనుక భాగం మూసి కట్టించాలా, తెరిచి ఉంచాలా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం – సూరత్ నుంచి ఒక తెలుగువాడు

అమ్మా, నమస్కారం. నేను సూరత్‌లో సానపట్టిన రాళ్లను తరగతుల వారీగా ఏరే పనిలో ఉన్నాను. విడి రాళ్లు కొనాలన్న మీ ఆలోచన మంచిది. బంగారంలో పొదిగిన తర్వాత రాయి అడుగు కనబడదు, తూకం తెలియదు, రంగు సరిగా తేలదు.

క్యారెట్ తూకం, రంగు, శుభ్రత, సానపట్టిన తీరు అనే నాలుగు లక్షణాలను అందరూ ఒకే వరుసలో చెబుతారు గాని, ఈ నాలుగింటి బరువూ ఒకటి కాదు. మీరు కొనే పరిమాణంలో సానపట్టిన తీరుదే పెద్దపీట. వజ్రం పైనుంచి లోపలికి వెళ్లిన వెలుగును అడుగు ముఖాల మీద రెండుసార్లు తిప్పి మళ్లీ పైకి పంపితేనే తళుకు కనిపిస్తుంది. ఇందుకు ఏ కోణాలు సరిపోతాయో వజ్రాల సాన నిపుణుడు మార్సెల్ టోల్కోవ్‌స్కీ 1919లోనే లెక్క కట్టి, పై భాగపు వాలు 34.5 డిగ్రీలు, అడుగు భాగపు వాలు 40.75 డిగ్రీలు ఉండాలని చెప్పాడు. నేటి సానలో కొద్దిపాటి హెచ్చుతగ్గులు ఉన్నా, ఆధారం ఆ లెక్కే. అడుగు మరీ లోతైతే రాయి నడుమ నల్లబడుతుంది, మరీ పలచనైతే నడుమ చుట్టూ పాలిపోయిన వలయం కనిపిస్తుంది. డి రంగు, మచ్చలేని శుభ్రత ఉన్నా ఈ లోపాన్ని అవి కప్పలేవు.

లోతైన రాళ్లు ఎందుకు వస్తాయంటే, అమ్మేది తూకానికి కాబట్టి. దీన్ని మీరే లెక్క వేసి పట్టుకోవచ్చు. గుండ్రని రాయి వ్యాసాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, ఆ అంకెను దానితోనే గుణించి, దాన్ని రాయి ఎత్తుతోను, ఆపై 0.0061తోను గుణిస్తే తూకం దాదాపుగా క్యారెట్లలో వస్తుంది. చక్కగా సానపట్టిన 10 సెంట్ల రాయి ఇంచుమించు 3 మిల్లీమీటర్ల వ్యాసంతో ఉంటుంది, దాని ఎత్తు వ్యాసంలో 60 శాతం అటూ ఇటూ ఉంటుంది. అదే తూకం ఉన్న రాయి 2.9 మిల్లీమీటర్లే ఉంటే, దాని ఎత్తు 67 శాతం దాకా పోయిందని అర్థం. ఆ అదనపు తూకానికి మీరు డబ్బు కడతారు, అది మాత్రం బంగారం లోపల దాగి ఉంటుంది.

ఏడురాళ్ల దుద్దులకు ఇంకొక చిక్కు ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. నడుమ ఒక రాయి, చుట్టూ ఆరు రాళ్లు పెట్టినప్పుడు, ఏడూ ఒకే కొలత అయితేనే ఒకదానినొకటి ఆనుకొని పువ్వులా కుదురుతాయి. నడిమి రాయి కాస్త పెద్దదైతే చుట్టూ సందులు పడతాయి, చిన్నదైతే ఆరు రాళ్లూ దాని చుట్టూ ఇమడవు. కాబట్టి 14 రాళ్ల తూకం కంటే 14 రాళ్ల వ్యాసం ఒకటిగా ఉండటం ముఖ్యం. అమ్మేవారి దగ్గర కొలిచే గేజి ఉంటుంది, మీ ఎదుటే ప్రతి రాయినీ కొలవమనండి. 0.05 మిల్లీమీటర్లకు మించిన తేడా ఉన్న రాయిని మార్పించుకోండి. రంగులోనూ అంతే. ఒక్క రాయి ఐ, మిగిలినవి ఎఫ్ అయితే ఆ ఒక్కటే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అన్నీ హెచ్ అయితే ఎవరికీ ఏ లోటూ తోచదు.

దుకాణంలోని చిన్న దీపాల కింద గాజు కూడా తళతళలాడుతుంది. రాళ్లను కిటికీ దగ్గరకు, నేరుగా ఎండ పడని చోటికి తెచ్చి, మడిచిన తెల్లకాగితం మీద బోర్లించి ఉంచి పక్కనుంచి చూస్తే రంగు తేడా తెలుస్తుంది. పరీక్షశాలల్లోనూ రాళ్లను ఇలాగే బోర్లించి, రంగు తెలిసిన నమూనా రాళ్ల పక్కన పెట్టి చూస్తారు. పసుపు బంగారంలో కట్టించే రాళ్లకు డి, ఇ రంగులకు డబ్బు పోయడం నా దృష్టిలో దుబారా. బంగారపు ఛాయ రాయిలోకి ఎలాగూ దిగుతుంది కనుక జి-హెచ్ చాలు.

శుభ్రతను పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో నిర్ణయిస్తారు. 3 మిల్లీమీటర్ల రాయిలో వి.వి.ఎస్.కూ, దాని కింది తరగతి వి.ఎస్.కూ తేడాను మామూలు కంటితో పట్టలేము. మీ అత్తగారి కోరిక తీరడానికి వి.వి.ఎస్. కొననక్కరలేదు గాని, వి.ఎస్. అన్న మాట కూడా ఒక్కటే చాలదు. ఒకే తరగతిలో ఒక రాయికి తెల్లని ఈక వంటి గీత, మరొక రాయికి నల్లని పొడి వంటి చుక్క ఉండవచ్చు. భూతద్దం అడిగి తీసుకొని, పై ముఖం కింద నల్ల చుక్క ఉన్న రాయిని పక్కన పెట్టండి. అంచు దాకా వచ్చిన పగులు గీత ఉన్న రాయినీ వద్దనండి, పొదిగేటప్పుడు ఒత్తిడి పడేది అక్కడే.

సమాధానం – బెజవాడ నగల లెక్కలు

పై సమాధానంలో ప్రతి మాటా అక్షరాలా నిజం. నేను నగల దుకాణంలో లెక్కలు చూస్తాను కనుక పత్రాల సంగతి, బిల్లు సంగతి చెబుతాను.

జి.ఐ.ఏ. సంస్థ విడి రాళ్లకే తరగతి నిర్ణయించి పత్రం ఇస్తుంది. కాని 10 సెంట్ల రాళ్లకు విడివిడిగా పత్రం తీసుకోవడం ఖర్చు రీత్యా ఎవరికీ గిట్టదు. ఇంత చిన్నవాటికి సాధారణంగా కట్టిన నగ మొత్తానికి ఐ.జి.ఐ. వంటి పరీక్షశాలల నుంచి ఒకే పత్రం తెస్తారు. ఆ పత్రంలో రంగు, శుభ్రత ఒక శ్రేణిగా ఉంటాయి, పొదిగిన స్థితిలో కనబడినంత మేరకు అన్న షరతు కూడా ఉంటుంది. వెనుక భాగం మూసి ఉన్న దుద్దులకు ఈ షరతు ఎంత పెద్దదో మీరే ఊహించండి. అందుచేత రాళ్లు విడిగా ఉన్నప్పుడే బిల్లులో రాళ్ల సంఖ్య, మొత్తం క్యారెట్లు, వ్యాసం, రంగు, శుభ్రత, ‘సహజ వజ్రాలు’ అన్న మాట వ్రాయించుకోండి. వ్రాయడానికి వెనకాడే దుకాణం చెప్పే ధర ఎంత తక్కువైనా అక్కడ కొనవద్దు.

బి.ఐ.ఎస్. హాల్‌మార్క్ బంగారం స్వచ్ఛతకు మాత్రమే హామీ ఇస్తుంది, రాయి గురించి అది ఏమీ చెప్పదు. దుద్దుల మీద ముద్ర ఉంది కాబట్టి వజ్రాలకూ హామీ ఉందని అనుకునేవారు మా కౌంటర్ దగ్గర రోజూ కనిపిస్తారు. జి.ఎస్.టి. సానపట్టిన విడి వజ్రాలకు 1.5 శాతం, తయారైన నగకు 3 శాతం.

ఆచారి గారికి ఇచ్చేటప్పుడు రాళ్లను లెక్కపెట్టి, తూచి, వ్రాసి ఇవ్వండి. ఎంత నమ్మకస్థులైనా ఇది ఇద్దరికీ క్షేమం. ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు కనుక మీ 1.40 క్యారెట్లు 0.28 గ్రాములే. బంగారం తూచే త్రాసు 10 మిల్లీగ్రాముల తేడానే చూపగలిగితే, అది 5 సెంట్లతో సమానం, అంటే మీ రాయిలో సగం. వజ్రాల త్రాసు మీదే తూచాలి. దుద్దులు తయారయ్యాక మొత్తం బరువులోంచి ఆ 0.28 గ్రాములు తీసివేసి బంగారం లెక్క కట్టాలి.

ఇంకొక మాట. వజ్రం ఎంత గట్టిదైనా, కొన్ని దిశల్లో దెబ్బ తగిలితే చీలిపోతుంది. పొదిగేటప్పుడు ఒక రాయి అంచు విరిగితే అదే కొలతలో, అదే రంగులో ఇంకొకటి దొరకడం కష్టం. ఒకటి రెండు రాళ్లు అదనంగా తీసుకొని, పని పూర్తయ్యాక మిగిలినవి తిరిగి ఇచ్చేలా ముందే మాట్లాడుకోండి.

వెనుక భాగం విషయంలో నా ఓటు తెరిచి కట్టించడానికే. వజ్రానికి జిడ్డు అంటుకునే గుణం ఎక్కువ. ఒకప్పుడు గనుల్లో జిడ్డు పూసిన బల్లల మీదుగా ఖనిజాన్ని నీటితో పారించి వజ్రాలను పట్టుకొనేవారు. తలనూనె, సబ్బు రోజూ తగిలే చెవి దుద్దులను వెనుకనుంచి మెత్తని బ్రష్షుతో కడుక్కోగలిగితేనే మెరుపు నిలుస్తుంది. మూసిన కట్టడంలోకి జిడ్డు ఒకసారి చేరితే ఆచారి గారు విప్పితే తప్ప పోదు.

సమాధానం – హైదరాబాద్ రత్నశాస్త్ర విద్యార్థిని

గృహిణి గారూ, ల్యాబ్ రాళ్ల గురించి, బ్లూ జాగర్ గురించి పైవారు చెప్పలేదు కనుక వ్రాస్తున్నాను.

ల్యాబ్‌లో పెంచినది నకిలీ వజ్రం కాదు. అదే కర్బనం, అదే కాఠిన్యం, అదే తళుకు. అధిక పీడనంతోనో, వాయువు నుంచి పొరలు పొరలుగా పేర్చే సి.వి.డి. పద్ధతిలోనో దాన్ని తయారు చేస్తారు. అలాగని చెప్పి అమ్మితే కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. అయితే వీటి ధర కొద్ది ఏళ్లలోనే బాగా పడిపోయింది. వజ్రాల గనుల సంస్థ డి బీర్స్ 2018లో క్యారెట్ 800 డాలర్లకు ల్యాబ్ వజ్రాల నగలు అమ్మడం మొదలుపెట్టి, 2025లో ఆ వ్యాపారాన్నే మూసివేస్తున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది జి.ఐ.ఏ. కూడా ల్యాబ్ రాళ్లకు సహజ వజ్రాల తరగతులను ఇవ్వడం మానుకుంది. మీ అమ్మాయి ఈ దుద్దులను రేపు తన కూతురికి ఇవ్వాలనో, అవసరానికి మార్చుకోవాలనో మీరు అనుకుంటే సహజమైనవే తీసుకోండి.

నాకు ఎక్కువ దిగులు కలిగించేది చెప్పకుండా కలిపి అమ్మడం. చిన్న రాళ్ల పొట్లంలో నాలుగైదు ల్యాబ్ రాళ్లు కలిపితే కంటితో గాని, భూతద్దంతో గాని తెలియదు. దుకాణాల్లో రాయికి ఆనించి చూపే కలం వంటి పరికరం వేడి ఎంత త్వరగా పాకుతుందో మాత్రమే చూస్తుంది. వజ్రంలా కనిపించే జిర్కోనియా అనే కృత్రిమ రాయిని అది పట్టిస్తుంది గాని, ల్యాబ్ వజ్రాన్ని వజ్రమనే చెబుతుంది. నోటి ఆవిరి ఊది చూడటం, అక్షరాల మీద పెట్టి చూడటం వంటి చిట్కాలదీ ఇదే పరిస్థితి. నమ్మదగిన దారి స్క్రీనింగ్ యంత్రం ఒక్కటే. సహజ వజ్రాల్లో చాలావాటిలో నత్రజని ఉంటుంది, సి.వి.డి. రాళ్లలో దాదాపు ఉండదు. ఇటువంటి తేడాలను ఆధారం చేసుకొని ఆ యంత్రం అనుమానం ఉన్న రాళ్లను వేరు చేస్తుంది. 14 రాళ్లనూ పొదగకముందే పరీక్షశాలలో స్క్రీనింగ్ చేయించి, ఫలితం చూపితేనే పూర్తి డబ్బు ఇస్తామని చెప్పండి.

బ్లూ జాగర్ అన్న పేరు దక్షిణాఫ్రికాలోని యాగర్స్‌ఫాంటైన్ గని నుంచి వచ్చింది. అక్కడి నీలి ఛాయ తెల్లరాళ్లకు పేరుండేది. నేడు మన దుకాణాల్లో దాన్ని ఎక్కువగా అతినీలలోహిత కాంతిలో నీలంగా వెలిగే రాళ్లకు వాడుతున్నారు. పరీక్షశాలల పత్రాల్లో అది ఒక తరగతి కాదు. వాటిలో ఫ్లోరసెన్స్ అన్న వరుసలో ఏమీ లేదు, స్వల్పం, మధ్యమం, బలం, అతిబలం అని ఉంటుంది. బలమైన నీలి వెలుగు ఉన్న మంచి రంగు రాళ్లు వ్యాపారంలో తక్కువ ధరకే చేతులు మారతాయి, కొన్ని ఎండలో పాలు కలిసినట్టు మసకగానూ ఉంటాయి. అటువంటి రాళ్లకు ఎక్కువ ధర అడిగితే ఒప్పుకోకండి. ఒక చిన్న అతినీలలోహిత టార్చి తీసుకువెళ్లి, చీకటిలో 14 రాళ్ల మీద వేసి చూడండి. బలంగా నీలంగా వెలిగే రాళ్లు తెలిసిపోతాయి.

గుంటూరు గృహిణి

మీ ముగ్గురికీ మనఃపూర్వక ధన్యవాదాలు. జి-హెచ్, వి.ఎస్., 3 మిల్లీమీటర్లు, వెనుక తెరిచిన కట్టడం అని నిర్ణయించుకున్నాము. ఒక్క సందేహం మిగిలింది. కర్నూలు వైపు ఉన్న మా బంధువు ఒకరు, జొన్నగిరి దగ్గర వానలకు దొరికే రాళ్లు చవకగా వస్తాయని, అవి గోల్కొండ జాతి రాళ్లని చెబుతున్నారు. ఆ ఆలోచన చేయవచ్చా?

సమాధానం – సూరత్ నుంచి ఒక తెలుగువాడు

దుద్దుల కోసం ఆ పని చేయకండమ్మా. జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో తొలకరి తర్వాత వజ్రాలు దొరకడం నిజమే, జనం గుంపులుగా వెళ్లి వెతకడమూ నిజమే. కాని అవి ముడి రాళ్లు. సానపడితే సగానికి పైగా తూకం పోవడం మామూలు, లోపల ఏ పగులుందో సాన మీదకు ఎక్కితే గాని తేలదు. పైగా ఒకే కొలత, ఒకే రంగు గల 14 రాళ్లు అలా సమకూరవు. గోల్కొండ వజ్రాలుగా పేరుపొందినవి కొల్లూరు వంటి కృష్ణాతీరపు గనులవి, ఆ గనులు ఎప్పుడో మూతపడ్డాయి. 10 సెంట్ల రాయిని చూపి ఇది గోల్కొండదని ఎవరు చెప్పినా, ఆ మాటకు విడిగా ధర కట్టకండి.

మీ నిర్ణయం బాగుంది. కొనే రోజున మీ ఆచారి గారిని కూడా వెంట తీసుకువెళ్లండి. ఏ రాయి తన కట్టడంలో కుదురుతుందో ఆయన కంటికి తెలుస్తుంది, కాదన్న రాయిని అక్కడికక్కడే మార్పించుకోవచ్చు.