టాలీ 7.2 నుంచి ప్రైమ్‌కి మారాలి, రైతుల ఖాతాలు పోకుండా ఎలా?

ఎరువుల కొట్టు, నరసరావుపేట:
అన్నా మాది ఎరువులు, పురుగుమందుల షాపు. 2005లో వ్యాట్ వచ్చినప్పుడు నాన్న లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్ టాలీ 7.2 పెట్టించారు, జీఎస్టీ బిల్లులు వేరే సాఫ్ట్‌వేర్‌లో కొడుతున్నాం గానీ రైతుల అరువు ఖాతాలు మాత్రం ఇప్పటికీ ఆ పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌లోనే. వారం నుంచి హార్డ్‌డిస్క్ టక్కుటక్కుమంటోంది, నిన్న రెండోసారి ఆన్ చేస్తే గానీ లేవలేదు. రిపేర్ చేసే అబ్బాయి ఫార్మాట్ కొట్టి టాలీ కొత్త వెర్షన్ టాలీప్రైమ్ వేస్తా, డేటా అదే వచ్చేస్తుంది అంటున్నాడు. మిర్చి అమ్మాక కట్టేవాళ్లే సగం మంది, ఎవరు ఎంత ఇవ్వాలో అందులో తప్ప ఇంకెక్కడా లేదు, భయంగా ఉంది.

ఆడిట్ ఆఫీసు, గుంటూరు:
తమ్ముడూ ఫార్మాట్ మాట ఎత్తనివ్వొద్దు. డిస్క్ చప్పుడు చేస్తోందంటే ముందు కాపీ, తర్వాతే ఏదైనా. టాలీలో ఒక్కో ఖాతాల సెట్‌ని కంపెనీ అంటారు, దాన్ని ఎంచుకునే సెలెక్ట్ కంపెనీ స్క్రీన్‌లో పైన డైరెక్టరీ కనపడుతుంది, ఆ డేటా ఫోల్డర్ మొత్తం రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించు, ఒకటి ఇంట్లో పెట్టు. ఎక్స్‌పీకి 2014లోనే అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి నెట్ మాత్రం తగిలించొద్దు. కాపీ అయ్యాక ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల నిల్వల పట్టిక), సండ్రీ డెటర్స్ (మనకి బాకీ ఉన్నవాళ్ల) లిస్టు, క్లోజింగ్ స్టాక్, స్టాటిస్టిక్స్ రిపోర్టు ప్రింట్ తీసుకో, స్టాటిస్టిక్స్‌లో ఏ వోచర్లు (రిసీట్లు, పేమెంట్ల లాంటి ఎంట్రీలు) ఎన్ని ఉన్నాయో లెక్క ఉంటుంది, రేపు కొత్తదాంతో సరిపోల్చేది దాంతోనే. ట్రయల్ బ్యాలెన్స్ కింద ఓపెనింగ్ బ్యాలెన్స్ తేడా ఏమైనా చూపిస్తోందా అని ఇప్పుడే చూడు, లేకపోతే పాత తప్పుని మారేటప్పుడు వచ్చిందనుకుని వారం రోజులు వెతుక్కుంటావు.

టాలీ పని చేసేవాణ్ణి, విజయవాడ:
7.2 డేటాని ప్రైమ్ నేరుగా తీసుకోదు, రెండు అంగల్లో వెళ్లాలి. ముందు మధ్యలో వచ్చిన టాలీ వెర్షన్ ఈఆర్‌పీ 9లో 7.2 మైగ్రేషన్ టూల్ (డేటాని కొత్త వెర్షన్‌కి మార్చేది) ఉంటుంది, దాంతో మార్చి, ఆ డేటాని ప్రైమ్‌లో మైగ్రేట్ చెయ్యాలి. పని అంతా కాపీ మీదే, పాతది ఒక ఫోల్డర్, కొత్తది ఇంకో ఫోల్డర్. ఎర్రర్ వస్తే రీరైట్ (టాలీ డేటాని మళ్లీ రాసి సరిచేసేది) కొట్టమంటారు, అదీ కాపీ మీదే కొట్టండి, ఒరిజినల్ మీద కొడితే వెనక్కి రాదు. లైసెన్స్ కొనకముందే లైసెన్స్ లేకుండా నడిచే ఎడ్యుకేషనల్ మోడ్‌లో తెరిచి చూసుకోవచ్చు. కంపెనీ పేరు బదులు నక్షత్రాలు కనపడితే అది టాలీవాల్ట్, అంటే డేటాకి పాస్‌వర్డ్‌తో వేసిన తాళం, ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే తెరిచే దారి లేదు, పాత గుమాస్తా ఎవరైనా ఉంటే ఇవాళే ఫోన్ చెయ్యండి.

ఎరువుల కొట్టు, నరసరావుపేట:
చాలా థ్యాంక్స్ అన్నా. ఒక కంపెనీ నిజంగానే నక్షత్రాలతో ఉంది, మానేసిన గుమాస్తా గారికి ఫోన్ చేస్తే పాస్‌వర్డ్ పాత రోకడ్ (నగదు లెక్కల) పుస్తకం మొదటి పేజీలో రాసిపెట్టానన్నారు, వెతికితే దొరికింది. ప్రైమ్‌లోకి వచ్చాక పేమెంట్లు, జర్నల్స్ అన్నీ కలిశాయి గానీ రిసీట్లు మూడు తక్కువ, గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే నేను కాపీ తీశాక కూడా కౌంటర్‌లో తమ్ముడు పాత కంప్యూటర్‌లో మూడు రిసీట్లు కొట్టి, ఆ తర్వాతే ప్రింట్లు తీశాడు. కాపీ తీసిన నిమిషం నుంచి పాతదాంట్లో ఎంట్రీలు ఆపెయ్యండి, ఇది ఎవరికైనా పనికొస్తుంది. ఆ మూడూ కొత్తదాంట్లో కొట్టాం, బాకీల టోటల్ పైసలతో సహా కలిసింది. పాత డిస్క్ ఊడదీసి గుడ్డలో చుట్టి నాన్న బీరువాలో పెట్టారు.