కారణాంకాలు చూపకుండా సంయుక్త సంఖ్య అంటే ఒప్పుకోవాలా?

చిక్కడపల్లి_రీడర్: 14,75,73,95,25,89,67,64,12,927. అంటే 2 పవర్ 67 మైనస్ 1. 1644లో ఫ్రెంచ్ పండితుడు మెర్సెన్ దీన్ని ప్రధాన సంఖ్య అన్నాడు. 1876లో ఫ్రెంచ్ గణితవేత్త లూకాస్ కాదన్నాడు గానీ ఒక్క కారణాంకమూ చూపలేదు. 1903లో న్యూయార్క్‌లో గణితవేత్తల సభలో అమెరికన్ గణితవేత్త కోల్ బోర్డు మీద 193707721 × 761838257287 గుణించి చూపాడు. నా దృష్టిలో నిరూపణ కోల్‌దే, లూకాస్‌ది వట్టి మాట.

సున్నా_శేషం: వట్టి మాట ఏందన్నా? 31తో చూడు, అది 2 పవర్ 5 మైనస్ 1. 4తో మొదలుపెట్టి వర్గం చేసి 2 తీసెయ్, 14. మళ్లీ చేస్తే 194, దాన్ని 31తో భాగిస్తే శేషం 8. 8 వర్గంలో 2 తీస్తే 62, నిశ్శేషంగా పోయింది కాబట్టి 31 ప్రధానం. పవర్ 5కి మూడు సార్లు చేశాం, అంటే పవర్ కంటే రెండు తక్కువ. 2 పవర్ 67 మైనస్ 1కి ఇదే పని 65 సార్లు చేస్తే చివర శేషం సున్నా రాదు, అంటే ప్రధానం కాదు. ఇది తర్వాత అమెరికన్ గణితవేత్త లేమర్ సులువు చేసిన రూపం, మూలం లూకాస్‌దే.

అంబర్‌పేట్_అక్క: 193707721లో ఒకటి తీసి 134తో భాగించండి, సరిగ్గా 1445580 వస్తుంది. 2 పవర్ 67 మైనస్ 1కి ఏ కారణాంకమైనా 134 (67కి రెట్టింపు) గుణిజం కంటే ఒకటి ఎక్కువే ఉండాలి. నాకైతే అదే ముచ్చటగా ఉంది.

చిక్కడపల్లి_రీడర్: అక్కా, నా ప్రశ్న అది కాదు. 21 అంకెల సంఖ్యల్ని చేత్తో వర్గం చేసుకుంటూ పోతే మధ్యలో ఒక్క అంకె తప్పినా చివర సున్నా రాదు, అప్పుడు నిజంగా ప్రధానమైనదాన్ని కూడా కాదనేస్తాం. కోల్ గుణకారాన్ని పదో తరగతి పిల్ల కూడా పెన్నూ కాగితంతో సరిచూస్తుంది.

సున్నా_శేషం: ఇదే మాట దిల్‌సుఖ్‌నగర్‌లో మా కోచింగ్ సార్ అన్నారు. 2047 (2 పవర్ 11 మైనస్ 1) ప్రధానమా అని అడిగితే మెట్లన్నీ రాసి చివరి శేషం 1736 అని చూపించా. 23 × 89 రాయలేదని మార్కులన్నీ కోసేశారు. పేపర్ పట్టుకుని అడిగితే చదవను కూడా లేదు!

చిక్కడపల్లి_రీడర్: నీ మార్కుల గొడవ ఇక్కడెందుకు తమ్మీ?

సున్నా_శేషం: ఎందుకంటే నువ్వూ చదవకుండానే కొట్టేస్తున్నావు కాబట్టి.

మెట్రో_ప్యాసింజర్: 2 పవర్ 1277 మైనస్ 1కి 385 అంకెలు. సంయుక్తమని తెలుసు, ఒక్క కారణాంకమూ ఇంకా దొరకలేదు. దాన్నేమంటారు?

చిక్కడపల్లి_రీడర్: కంప్యూటర్ చెప్పింది, నమ్ముతా. కానీ అది నమ్మడమే. ఎవరి పెద్దరికం మీదా ఆధారపడకుండా నా అంతట నేను చూసుకోగలిగిందే నాకు నిరూపణ.

సున్నా_శేషం: ఇప్పుడు అసలు విషయం చెప్పావు. నీకు పద్ధతి మీద కాదు, లెక్క చేసిన మనిషి మీద అనుమానం. అట్లయితే మనిషిని పక్కనపెట్టు, 2047 మెట్లన్నీ ఇవిగో: 4, 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736. ప్రతిదీ వర్గం, మైనస్ 2, 2047తో భాగిస్తే శేషం. పెన్నూ కాగితం చాలు. ఏ మెట్టు తప్పో చూపించు.