‘వెల్‌కమ్ టు ద బ్లాక్ పెరేడ్’: చావు పాటలో ఆశ ఎక్కడి నుంచి వస్తోంది?

నీలిగడప (ప్రశ్న):

న్యూజెర్సీకి చెందిన మై కెమికల్ రొమాన్స్ బృందం 2006లో విడుదల చేసిన ‘వెల్‌కమ్ టు ద బ్లాక్ పెరేడ్’ పాటను చాలామంది ధైర్యం చెప్పే పాటగా గుర్తు చేసుకుంటారు. అయితే ఈ పాట ఉన్న ‘ద బ్లాక్ పెరేడ్’ ఆల్బమ్ మొత్తం క్యాన్సర్‌తో చనిపోతున్న ఒక రోగి కథ. మనిషికి మరణం అతడి అత్యంత ప్రియమైన జ్ఞాపకం రూపంలో ఎదురవుతుందనేది అందులోని ఊహ. చిన్నప్పుడు తండ్రి చేయి పట్టుకుని నగరంలో చూసిన బ్యాండు ఊరేగింపు ఈ రోగికి అలాంటి జ్ఞాపకం కాబట్టి, అతడిని తీసుకుపోవడానికి మృత్యువు ఆ ఊరేగింపుగానే వస్తుంది. ఇంత స్పష్టంగా చావు గురించిన పాట వింటే కుంగిపోవాలి గానీ నాకు లేచి నడవాలనిపిస్తోంది. ఇది సాహిత్యం చేసే పనా, లేక సంగీతం మనల్ని మభ్యపెడుతోందా? ఎమో (మనోవేదనను తీవ్రంగా పలికించే రాక్ సంగీత ధోరణి) అనే ముద్రను ఈ బృందపు గాయకుడు జెరార్డ్ వే స్వయంగా తిరస్కరించాడని తెలుసు కనుక ఆ చర్చలోకి వెళ్లకుండా, పాట వరకే మాట్లాడగలరని కోరుతున్నాను.

మంద్రస్థాయి:

మభ్యపెట్టడం అనే మాటతో నేను ఏకీభవించలేను గానీ, సంగీతం చేసే పని మాత్రం చాలా ఉంది. పాట పియానో మీద ఒంటరిగా మోగే ఒక్క జీ స్వరంతో మొదలవుతుంది. ఆ ఒక్క స్వరం వినగానే పాటను గుర్తుపట్టే అభిమానులు ప్రపంచమంతటా ఉన్నారు. నిన్న రాత్రి నేను కీబోర్డు ముందు కూర్చుని ఆరంభాన్ని నెమ్మదిగా వాయించి చూశాను. జీని షడ్జమం అనుకుంటే, ఎడమ చేతి కింద మంద్ర స్వరాలు స, ని, ధ అంటూ శంకరాభరణం మెట్లు దిగుతూ పోతాయి. అలా దిగే ఆధారం మీద గొంతు ఏ తొందరా లేకుండా, కథ చెబుతున్నట్టుగా మొదలవుతుంది. అంటే పాట తొలి క్షణాల్లోనే కింద ఏదో జారిపోతూ ఉంటుంది, పైన మనిషి మాత్రం స్థిమితంగా మాట్లాడుతూ ఉంటాడు. నా దృష్టిలో పాట స్వభావమంతా ఆ అమరికలోనే ఉంది.

ఆ తరువాత సైనిక కవాతు పద్ధతిలో స్నేర్ డ్రమ్ము, దాని వెనుక గిటార్లు చేరి ఊరేగింపు దగ్గరికి వస్తున్న భావన కలిగిస్తాయి. అది పూర్తిగా మన ముందుకు వచ్చేసిందనుకున్న చోట పాట ఒక్కసారిగా వేగం అందుకుని పంక్ (గరుకైన, వేగమైన రాక్) పాటగా మారిపోతుంది. ఊరేగింపును రోడ్డు పక్కన నిలబడి చూస్తున్న పిల్లవాడు అందులోకి దూకేసినట్టుంటుంది ఆ మలుపు.

ఇంకొక విషయం చెప్పాలి. పాట చివరి భాగానికి వచ్చేసరికి శ్రుతి జీ నుంచి ‘ఏ’ స్వరానికి, అంటే చతుశ్రుతి రిషభం ఉన్న చోటికి, పెరుగుతుంది. కచేరీ మొదటి నుంచి చివరి దాకా తంబూరా ఒకే శ్రుతిలో మోగడం అలవాటైన చెవికి ఇది నేలనే ఒక మెట్టు పైకి జరిపినట్టు వినిపిస్తుంది. నిజానికి పాప్ సంగీతంలో ఇది అరిగిపోయిన ఉపాయమే, చాలా పాటల్లో నాకు విసుగు కూడా. ఇక్కడ మాత్రం పాట దిగుడుమెట్లతో మొదలైంది కనుక, ఈ ఎక్కుడుమెట్టుకు ఒక అర్థం దక్కింది.

పదచ్ఛేదం:

సంగీతం గురించి పై మిత్రులు చెప్పినదాన్ని కాదనను గానీ, సాహిత్యాన్ని తక్కువగా చూడవద్దని మనవి. పల్లవిలోని ‘క్యారీ ఆన్’ అనే మాటను తెలుగులో పెట్టి చూడండి. పల్లవి ‘మేము’ అనే కర్తతో మొదలైనా, మధ్యలో ఆ క్రియకు కర్త ‘నీ జ్ఞాపకం’ అవుతుంది. నువ్వు పోయినా నీ జ్ఞాపకం సాగుతుంది అంటాడు. ఆ వెంటనే కర్త మారిపోయి మళ్లీ ‘మేము’ వస్తుంది. ఇంగ్లీషులో రెండు చోట్లా క్రియారూపం ఒకటే కాబట్టి ఈ మార్పు చప్పుడు లేకుండా జరిగిపోతుంది. తెలుగులో మాత్రం ‘సాగుతుంది’ కాస్తా ‘సాగుతాం’ అయి, పోయినవారి నుంచి మిగిలినవారికి బాధ్యత చేతులు మారడం ప్రత్యయంలోనే బయటపడుతుంది. పైగా ఆ ఇంగ్లీషు మాటలో మోయడం కూడా ఉంది. బరువు దించుకుని కాదు, ఎత్తుకునే నడుస్తామని కవి అంటున్నాడు. పాత గాయపు మచ్చను దాచుకోను, చూపిస్తాను అని తరువాత వచ్చే చరణం కూడా ఈ మాటనే బలపరుస్తుంది.

నీలిగడప:

ఇద్దరికీ ధన్యవాదాలు. కర్త మారుతుందన్న పరిశీలన నాకు పూర్తిగా కొత్తది. ఒక సందేహం మాత్రం మిగిలింది. తండ్రి కొడుకును, పెద్దవాడివయ్యాక విరిగిపోయినవారికీ ఓడిపోయినవారికీ రక్షకుడివి అవుతావా అని అడుగుతాడు కదా. ఒక పసివాడి నెత్తిన ఇంత భారం పెట్టడం ఆశ ఎలా అవుతుంది? నాకైతే ఆ మాటలు కొంచెం క్రూరంగానే వినిపించాయి.

పదచ్ఛేదం:

క్రూరంగా వినిపించడం సహజమే. అయితే తండ్రి ఆజ్ఞాపించలేదు, అడిగాడు, పైగా తాను ఏదో ఒక రోజు విడిచి వెళ్లిపోతానని కూడా అప్పుడే చెప్పేశాడు. ఆ ప్రశ్నకు కొడుకు అక్కడ జవాబివ్వడు. ఐదు నిమిషాలు దాటిన ఈ పాటలో జవాబు చాలా ఆలస్యంగా, చివరి పల్లవికి కాస్త ముందు వస్తుంది. తాను మామూలు మనిషిననీ, వీరుణ్ణి కాననీ, ఈ పాట పాడక తప్పని కుర్రవాణ్ణి మాత్రమేననీ అంటాడు. అంటే తండ్రి అడిగినదానికి కొడుకు కాదు అని చెప్పాడు. విరిగినవారిని కాపాడతానని అనకుండా, వాళ్ల కోసం ఒక కేక వేయమంటూ, మనం అంటే వాళ్లమేనని ఒప్పుకుంటాడు. ఒక రక్షకుడు కావాలన్న కోరిక తీరకపోయినా పాట ఆగిపోలేదు, ఎందుకంటే ఆ ఒక్కడి స్థానంలోకి అప్పటికే ‘మేము’ వచ్చి చేరింది.

మంద్రస్థాయి:

ఇది చదివాక ఆ చోటును మళ్లీ విన్నాను. ‘వీరుణ్ణి కాను’ అని రెండోసారి అన్న వెంటనే, తనకు లెక్కలేదని ఒక్కొక్క మాటనూ విడదీసి, అరిచినట్టుగా పలుకుతాడు. ఇన్నేళ్లుగా నేను దాన్ని కుర్రతనపు పొగరు అనుకుంటూ వచ్చాను. తండ్రికి ఇచ్చిన జవాబుగా వింటే, ఆ అరుపులో పొగరు కంటే ఊపిరి పీల్చుకున్న సడి ఎక్కువగా వినిపిస్తోంది.