హీరోని విలన్‌గా మారిస్తే కథకి లోతు వస్తుందా, హీరోకే విలువ పోతుందా?

నీలిమేఘం:
నిన్న "ఇన్‌జస్టిస్" మొదటి సంపుటం పూర్తి చేశాను. 2013లో మొదలైన కామిక్. జోకర్ అనే విలన్ పన్నిన మోసంలో పడి సూపర్‌మ్యాన్ గర్భంతో ఉన్న తన భార్య లోయిస్‌ని తన చేతులతోనే చంపుకుంటాడు. ఆమె గుండె ఆగగానే మెట్రోపొలిస్‌లో అణుబాంబు పేలుతుంది. జోకర్‌ని చంపేసి, ఇక యుద్ధాలే లేకుండా చేస్తానంటూ మెల్లగా ప్రపంచాన్ని గుప్పిట్లోకి తీసుకుంటాడు. చదివాక నిద్ర పట్టలేదు. 1938 నుంచి మనకి తెలిసిన మనిషి ఒక్క దెబ్బకి ఇలా అయిపోతే, ఇన్నేళ్ల అతని మంచితనం ఏమైనట్టు? కష్టంలో నిలబడితేనే కదా దాన్ని మంచితనం అంటాం! ఇలా తిరగేసిన కథలు హీరో అన్న మాటకి విలువ లేకుండా చేస్తున్నాయని నా అభిప్రాయం. మీరేమంటారు?

పాతసంచిక:
నీలిమేఘం గారూ, అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. 2003లో వచ్చిన "రెడ్ సన్" చదవండి, మూడే సంచికలు. అందులో సూపర్‌మ్యాన్ రాకెట్ అమెరికాలో కాకుండా ఉక్రెయిన్‌లో, సోవియట్ సమష్టి క్షేత్రంలో పడుతుంది. అతను చెడ్డవాడు కాడు. నిజంగానే జనం మేలు కోరతాడు. కానీ ఆ మేలుకి ఎదురు చెప్పినవాళ్ల మెదళ్లనే మార్పించి, చెప్పినట్టు వినే మరమనుషుల్లా చేస్తాడు. అంతకుముందు బ్రెయినియాక్ అనే గ్రహాంతర విలన్ స్టాలిన్‌గ్రాడ్ నగరాన్ని కుదించి సీసాలో బంధిస్తాడు. దాన్ని తిరిగి పెద్దది చేయలేకపోయానన్న దిగులు సూపర్‌మ్యాన్‌ని వదలదు. చివర్లో అతని శత్రువు లూథర్ చీటీ మీద ఒకే ఒక్క ప్రశ్న రాసి పంపుతాడు: ప్రపంచం మొత్తాన్నీ సీసాలో పెట్టేయొచ్చుగా అని. అంతే, కుప్పకూలిపోతాడు. అతని మంచితనం ఉత్తదని ఆ కథ అనలేదు. అడిగేవాడు లేని మంచితనం ఎక్కడిదాకా పోతుందో చూపించింది. ఆ లూథర్ కూడా మంచివాడేం కాదు, గెలుపు కోసం ఎవర్నైనా వాడుకుంటాడు.

రాత్రిచదువరి:
విలన్ వైపు నుంచి కూడా చూడాలి. 1954లో అమెరికా ప్రచురణకర్తలు తమకు తామే పెట్టుకున్న కామిక్స్ కోడ్ అనే నియమావళిలో నేరస్తుడి మీద సానుభూతి కలిగేలా నేరాన్ని చూపకూడదని నియమం ఉండేది. 1971లో దాన్ని సడలించారు. ఎక్స్‌-మెన్ అనే హీరోల జట్టుకి శత్రువు మాగ్నెటో. 1963లో మొదటిసారి కనిపించినప్పుడు అతను వట్టి దుర్మార్గుడు. 1981లో "ఎక్స్‌-మెన్" 150వ సంచికకి వచ్చేసరికి అతను ఆష్విట్జ్ నాజీ శిబిరం నుంచి బతికి బయటపడ్డవాడని తెలుస్తుంది. కోపంలో కిట్టీ ప్రైడ్ అనే చిన్నపిల్లని కొడతాడు. చంపేశాననుకుని ఆగిపోతాడు. తనవాళ్లని చంపినవాళ్లలాగే తనూ తయారయ్యానని అతనికి ఆ క్షణంలో తెలుస్తుంది. ఆ పేజీలు నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

నీలిమేఘం:
కానీ అదే సంచికలో అతను ఒక సోవియట్ జలాంతర్గామిని సిబ్బందితో సహా ముంచేస్తాడు కదండీ. వాళ్లలో ఒక్కరి పేరైనా మనకి గుర్తుందా? విలన్ బాల్యం చెప్పగానే మనం ఏడుస్తాం, చచ్చినవాళ్లు లెక్కలోకి రారు. నాకు భయం అక్కడే.

రాత్రిచదువరి:
మీరన్నది ఒప్పుకుంటాను. కానీ రచయిత క్లేర్‌మాంట్ దాన్ని మర్చిపోలేదు. 1985లో 200వ సంచికలో మాగ్నెటోని పారిస్‌లో కోర్టు బోనులో నిలబెట్టాడు. ఆ జలాంతర్గామి మాట అక్కడ మళ్లీ వచ్చింది. గతం చెప్పడం వేరు, క్షమించేయడం వేరు.

మొదటిపేజీ:
నేను ఆలస్యంగా వచ్చాను. "థండర్‌బోల్ట్స్" మాట ఎవరూ ఎత్తలేదేంటి? 1997లో మొదటి సంచిక ఆఖర్లో తెలుస్తుంది, ఈ కొత్త హీరోలంతా ముసుగులు మార్చుకున్న పాత విలన్లని. మోసం చేయడానికే వచ్చారు. కానీ జనం కృతజ్ఞతగా చూస్తుంటే కొందరికి ఆ వేషమే నచ్చేసింది. సాంగ్‌బర్డ్ అనే ఆమె అలాగే నిజమైన హీరో అయింది. ఏ విషాద గతం వల్లో కాదు, రోజూ మంచిపని చేయడం వల్ల.

ఇంకొకటి. "ఇన్‌జస్టిస్" వీడియో గేమ్ ఆడారా నీలిమేఘం గారూ? మీరు చదివిన కామిక్ దానికి ముందు జరిగిన కథే. ఆ నియంతని ఓడించేది వేరే లోకం నుంచి వచ్చిన అసలు సూపర్‌మ్యానే. కాబట్టి హీరోని పోగొట్టలేదు కదా.

నీలిమేఘం:
ఆడాను. వేరే లోకం నుంచి మంచివాడిని తెచ్చుకోవాల్సి వచ్చిందంటే, ఇక్కడివాడి మీద రచయితలకే ఆశ పోయినట్టు కదండీ! మీ అందరి మాటలూ విన్నాక మాగ్నెటో విషయంలో నా అభిప్రాయం మారింది. పిల్లని కొట్టాక అతను ఆగాడు. ఆ గేమ్‌లో సూపర్‌మ్యాన్, ఎదురు చెప్పాడని షజామ్ అనే తోటి హీరోని చంపేస్తాడు. ఆ మెరుపు దుస్తుల లోపల ఉన్నది బిల్లీ బాట్సన్ అనే కుర్రాడు. అయినా సూపర్‌మ్యాన్ ఆగడు. అది చూసి అతని పక్షం వదిలేసి బయటికి నడిచింది ఫ్లాష్ అనే మరో హీరో. అప్పటిదాకా ఫ్లాష్ కూడా ఆ పాలనలో భాగస్వామే. రెండో సంపుటం తెచ్చుకుంటున్నాను, ఈసారి ఫ్లాష్ కోసం చదువుతాను.