ముగింపు గీతకు పది అడుగుల ముందు పడిపోయిన పిల్లను లేపితే తప్పా?

పాలమూరు పీఈటీ అడిగిన ప్రశ్న:

నమస్కారం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. ఇరవై రెండేళ్ల సర్వీసు. మూడు వారాలుగా ఒక విషయం మింగుడు పడడం లేదు.

మొన్న పదహారేళ్ల లోపు ఆడపిల్లల క్రాస్ కంట్రీ పోటీకి మా బడి నుంచి ఆరుగురిని తీసుకువెళ్లాను. 2 కిలోమీటర్ల పరుగు. నీళ్లు ఇంకిపోయిన చెరువులో మొదలుపెట్టి, కట్ట ఎక్కి దిగి, తుమ్మచెట్ల పక్కనుంచి తిరిగి చెరువులోకే రావాలి. మా తొమ్మిదో తరగతి పిల్ల, బడి లేని రోజున మేకలు కాసే పిల్ల, మూడో స్థానంలో వస్తోంది. గీత ఇంకా పది అడుగులు ఉందనగా రేగడి నెర్రెలో కాలు పడి బోర్లా పడింది. నాకు ఒళ్లు తెలియలేదు. తాడు కింద నుంచి దూరి, రెక్క పట్టుకుని లేపి, గీత దాకా నడిపించాను. ఈలోగా ఇద్దరు దాటిపోయారు, అయిదో స్థానమైనా దక్కింది అనుకున్నాను. నిర్వాహకులు పిల్ల పేరే కొట్టేశారు. దాంతో జట్టు పతకమూ పోయింది. నేను అరిచాను, వాళ్లూ అరిచారు. చివరకు నలుగురూ నన్నే కూర్చోబెట్టి నీళ్లు తాగించారు.

తిరుగు బస్సులో పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఊరు దగ్గర పడ్డాక ఒకే ఒక్క మాట అంది. "సార్, నేను లేచేదాన్ని."

నిన్న మా లెక్కల మాస్టారు ఫోనులో ఒక వీడియో చూపించారు. 2023 ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీ, ఆస్ట్రేలియాలో. ఇథియోపియా అమ్మాయి లెటెసెన్‌బెట్ గిడే అందరికంటే ముందుంది, గీత కనిపిస్తోంది, అంతలో కుప్పకూలింది. ఒక మనిషి వచ్చి లేపాడు. ఆమెనూ అనర్హురాలిగా ప్రకటించారట. అంత పెద్ద రన్నర్‌కే దిక్కు లేకపోతే మా పిల్లకు ఎక్కడుంటుంది? అసలు ఈ నిబంధన ఏమిటి? పడిపోయిన పిల్లను చూస్తూ నిలబడమని ఏ పుస్తకంలో రాశారు? ఒక్కరు పోతే జట్టు మొత్తం ఎందుకు మునగాలి?

నీలికొండల అవతల రాసిన జవాబు:

మాస్టారూ, ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. మేము సిడ్నీలో ఉంటాం. బాథర్స్ట్ అనే ఆ ఊరు అక్కడికి పడమరగా, నీలికొండలు దాటి, సుమారు 200 కిలోమీటర్లు. 2021లో జరగవలసిన పోటీ కరోనా వల్ల వాయిదా పడి 2023 ఫిబ్రవరి 18న జరిగింది. నిజం చెప్పాలంటే మా వారు పరుగు కోసం రాలేదు. పోటీ జరిగిన మౌంట్ పనోరమా ఆస్ట్రేలియాలో కార్ల పందేలకు కాశీ లాంటిది. ఏటా 1000 కిలోమీటర్ల పందెం అక్కడే. పందేలు లేని రోజుల్లో అది మామూలు రోడ్డు, ఎవరి కారయినా వెళ్లవచ్చు, కాకపోతే గంటకు 60 దాటకూడదు. మా వారు మా పాత కారులో ఆ 6 కిలోమీటర్ల చుట్టూ తిరిగి వచ్చి జన్మ ధన్యమైందన్నారు. వెనక సీట్లో మా అబ్బాయి వాంతి చేసుకున్నాడు.

పరుగు మాత్రం రోడ్డు మీద కాదు, పక్కనున్న గడ్డి వాలు మీద. 2 కిలోమీటర్ల చుట్టు, పెద్దవాళ్లకు అయిదు చుట్లు. ద్రాక్షతోట వరసల మధ్య నుంచి పోవాలి. ఒకచోట కావాలని నీళ్లు పోసి చేసిన బురద, ఒకచోట ఇసుక, కార్ల పందేల గుర్తుగా ఒకచోట టైర్లు పేర్చిన మలుపులు. మీ చెరువుకట్టకు ఇది అక్కగారు. దానికి తోడు ఎండ. నేను గుంటూరు ఎండలు చూసిన మనిషిని, అయినా గొడుగు వేసుకుని నిలబడ్డాను. సాయంత్రానికి ఆకాశం నల్లబడి గాలివాన పట్టుకుంది.

మధ్యాహ్నం రిలేలో ఆస్ట్రేలియా వాళ్లకు కాంస్యం వచ్చింది. నా చుట్టూ ఉన్నవాళ్లు ఇంకా ఆ సంతోషంలోనే ఉండగా ఆడవాళ్ల పరుగు మొదలైంది. గిడే ఎవరో చెప్పకపోతే ఆ పడిపోవడం ఎంత పెద్దదో అర్థం కాదు. ఆ రోజుకు 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, హాఫ్ మారథాన్, మూడింటిలోనూ ప్రపంచ రికార్డు ఆమెదే. 10,000 మీటర్లలో ప్రపంచ విజేత. ఇరవై ఏళ్ల లోపు వాళ్ల క్రాస్ కంట్రీని 2015లో, 2017లో గెలిచింది. పెద్దవాళ్ల క్రాస్ కంట్రీ స్వర్ణం మాత్రం ఇంకా దక్కలేదు. చివరి చుట్టులో నా ముందు నుంచి వెళ్లినప్పుడు ఆమె భుజాలు బిగుసుకుపోయి ఉన్నాయి. వెనకాల కెన్యా అమ్మాయి బియాట్రిస్ చెబెట్. ముఖంలో ఏమీ లేదు, పాలు పొంగుతాయేమోనని పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషిలా చూస్తూ వస్తోంది. ఆ ఇద్దరినీ చూసి నేను మా వారితో "ఇది అయిపోలేదు" అన్నాను. ఇప్పటికీ ఆ మాట మా ఇంట్లో గొప్పగా చెప్పుకుంటాను.

పడిపోవడం నేను కళ్లారా చూడలేదు, ముందు తలలు అడ్డం. వేలమంది ఒకేసారి గుక్క పట్టిన చప్పుడు మాత్రం విన్నాను. రాత్రి బసలో ఫోనులో చూశాను. చెబెట్ పక్కనుంచి దాటి గెలిచింది. ఇథియోపియాదే మరో అమ్మాయి సిగీ గెబ్రెసెలామా రెండో స్థానంలో వచ్చింది. గిడేను పక్కనుంచి వచ్చిన మనిషి లేపాడు, ఆమె నాలుగోదిగా గీత దాటింది, తరువాత ఆ నాలుగు కూడా పోయింది.

నేనైతే లేపేదాన్ని. నిబంధన తెలిసి కూడా లేపేదాన్నే. కానీ ఒకటి చెప్పనా? 2020 అక్టోబరు 7న స్పెయిన్‌లోని వాలెన్సియాలో ఒకే రాత్రి రెండు ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. 5,000లో గిడే, 10,000లో ఉగాండా కుర్రాడు జాషువా చెప్తెగె. ఈ చెప్తెగెకు కూడా ఇదే అనుభవం అంతకుముందే అయింది. 2017లో ప్రపంచ క్రాస్ కంట్రీ అతని సొంత దేశంలోనే, కంపాలాలో. జనమంతా అతని పేరే అరుస్తుండగా చాలా ముందున్నాడు. చివరి చుట్టులో ఒంట్లో శక్తి ఒక్కసారిగా ఆవిరైపోయింది. కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చాడు, ఒక్కొక్కరే దాటిపోయారు, చివరకు 30వ స్థానం. ఎవరూ ముట్టుకోలేదు. ఆ 30 అతని పేరు పక్కన ఇప్పటికీ ఉంది. గిడే పేరు పక్కన అంకె లేదు. రెండేళ్ల తరువాత డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో, గడ్డి పరిచిన మ్యూజియం పైకప్పు మీదుగా పరుగు పెట్టించిన పోటీలో, అతనే గెలిచాడు.

మీ పిల్ల అన్న మాట చదవగానే నాకు ఈ 30 గుర్తొచ్చింది.

లెక్కలపిచ్చి రాసిన జవాబు:

జట్టు సంగతి నేను చెబుతాను. ఇది ఎంసెట్ ర్యాంకు లాంటిది, అంకె ఎంత చిన్నదయితే అంత మంచిది. ప్రపంచ పోటీల్లో పెద్దవాళ్ల జట్టులో ఆరుగురి దాకా పరిగెత్తుతారు, ముందు వచ్చిన నలుగురి స్థానాలు కూడతారు. తక్కువ మొత్తం వచ్చిన జట్టు గెలుస్తుంది. 1, 2, 3, 4 కలిపితే 10, అంతకంటే తక్కువ రాదు. 2017 కంపాలాలో కెన్యా ఆడవాళ్లు మొదటి ఆరు స్థానాలూ తీసుకుని ఆ 10 సాధించారు.

అందుకే నాలుగో మనిషి విలువ మొదటి మనిషి విలువంతే. మీ పిల్ల అయిదో స్థానం చెల్లి ఉంటే మీ మొత్తానికి 5 కలిసేది. అది కొట్టేస్తే వెనక ఎక్కడో వచ్చిన పిల్ల అంకె కలపాలి. ఒక్కరు పోతే జట్టు ఎందుకు మునిగిందంటే ఇదే. ఇంకో మాట, ఇందులో ప్రపంచ రికార్డు అనేది ఉండదు. ఒకచోట కొండ, ఒకచోట బురద, సమయాన్ని దేనితో పోలుస్తాం? స్థానమే లెక్క.

ఈలతాత రాసిన జవాబు:

పీఈటీ గారూ, నలభై ఏళ్లు ఈల ఊదిన నోరు ఇది, కోపం తెచ్చుకోకండి. మీ పిల్ల పేరు కొట్టేసిన చోట నేనున్నా కొట్టేసేవాణ్ణే.

పడిపోయిన పిల్లను చూస్తూ నిలబడమని ఏ పుస్తకంలోనూ లేదు. నిర్వాహకులు నియమించిన మనిషి, లేదా అధికారి, పడినవాళ్లు లేచి నిలబడడానికి చెయ్యి అందించవచ్చు. తోటి రన్నర్ కూడా అందించవచ్చు. అది సాయం కింద లెక్క కాదు. ముందుకు నడిపించడం మాత్రం సాయమే. మీరు రెండు పనులు చేశారు. బయటి మనిషి తాడు దాటి లోపలికి రావడం ఒకటి, గీత దాకా నడిపించడం రెండు. మొదటిదొక్కటే అయితే కాస్త వాదించుకునే వీలుండేది.

ఈ గొడవ నిన్న మొన్నటిది కాదు. 1908 లండన్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఇటలీ నుంచి వచ్చిన మిఠాయి అంగడి కుర్రాడు దొరాందో పియెత్రి స్టేడియంలోకి అందరికంటే ముందు వచ్చాడు. స్పృహ సరిగా లేక ఎదురు దిక్కుకు తిరిగాడు. మళ్లీ మళ్లీ పడ్డాడు. అధికారులే లేపి గీత దాటించారు. అమెరికా వాళ్లు అభ్యంతరం చెప్పారు, స్వర్ణం జానీ హేస్‌కు వెళ్లింది. అలెగ్జాండ్రా రాణి జాలిపడి పియెత్రికి ఒక కప్పు ఇచ్చింది. అతణ్ణి నడిపించిన చేతులు మంచి చేతులే. అయినా పతకం పోయింది ఆ చేతుల వల్లే.

అయితే ఒకటి గట్టిగా చెబుతున్నాను. ఎండదెబ్బ తగిలి కళ్లు తేలేసిన పిల్ల అయితే స్థానం గీనం చూడకండి, ఎత్తుకుని నీడలోకి పరిగెత్తండి. నెర్రెలో కాలు పడి బోర్లా పడ్డ పిల్ల వేరు. అది లేస్తుంది. లేవకపోతే పాకుతుంది. పాకడం నిషేధం కాదు. కాళ్లూ చేతులూ ఎక్కడున్నా ఫరవాలేదు, మొండెం గీతను అందుకుంటే చాలు. ఈ ముక్క మీ పిల్లలకు ఎప్పుడైనా చెప్పారా?

పాలమూరు పీఈటీ:

లేదు తాతగారూ. ఇరవై రెండేళ్లలో ఎలా పరిగెత్తాలో చెప్పాను, ఎలా పడాలో ఒక్కసారీ చెప్పలేదు.

మీ జవాబు చదివిన మర్నాడు పిల్లలను మైదానంలో పరిగెత్తించి, ఈల వేయగానే పడిపొమ్మన్నాను. పడి, లేచి, ఆపకుండా పోవాలి. గోడ మీద కూర్చున్న ఊరివాళ్లకు రెండు రోజులు మంచి కాలక్షేపం. చిన్నపిల్లలు కూడా చేరి పడడం మొదలుపెట్టారు. ఆ పిల్ల ఒక మూల నిలబడి చూసింది, మూడో రోజు వచ్చింది. అందరికంటే గబుక్కున లేచింది. నాతో ఇంకా ఎక్కువ మాట్లాడడం లేదు. సంక్రాంతి సెలవుల తరువాత ఇంకో పోటీ ఉంది. దానికి నేను ఎక్కడ నిలబడతానని అడిగింది. గీత అవతల అని చెప్పాను. తల ఊపింది.

నీలికొండల అవతల:

మాస్టారూ, గిడే సంగతి కూడా చెప్పేస్తాను. అదే ఏడాది ఆగస్టులో బుడాపెస్ట్‌లో 10,000 మీటర్లలో రజతం గెలిచింది. ఆ పరుగులోనే నెదర్లాండ్స్ అమ్మాయి సిఫాన్ హసన్ గీత ఇంకా కొన్ని మీటర్లుందనగా పడింది. లేచి, తనంతట తానే వచ్చి, 11వ స్థానం. ఇక చెబెట్ అక్కడితో ఆగలేదు, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 5,000, 10,000 రెండూ ఆమెవే.

సంక్రాంతికి మా అత్తగారి ఊరు వస్తున్నాం. మా క్లబ్బులో పిల్లలు పాదాలు పెరిగిపోయి వదిలేసిన స్పైక్స్, అంటే అడుగున మేకులుండే పరుగు బూట్లు, చాలా ఉన్నాయి, పారేయడానికి ఎవరికీ మనసు రాదు. మీ ఆరుగురి కొలతలు చెప్పండి.

ఈలతాత:

స్పైక్స్ వస్తే మంచిదే. మేకుల పొడవు మాత్రం పోటీ పెట్టేవాళ్లను ముందే అడగండి. సింథటిక్ ట్రాకు మీద 9 మిల్లీమీటర్లు దాటకూడదు, చెరువుమట్టిలో అంతకంటే పొడుగు ఒప్పుకుంటారు. ఇష్టం లేని పిల్లకు బలవంతంగా తొడగకండి. వట్టి కాళ్లతో పరిగెత్తడం నిబంధనకు విరుద్ధం కాదు. వట్టి కాళ్ల పరుగుకు పేరుపడ్డ జోలా బడ్ 1985లో, 1986లో వరసగా ప్రపంచ క్రాస్ కంట్రీ గెలిచింది.

పాలమూరు పీఈటీ:

అమ్మా, మీకు చాలా కృతజ్ఞతలు. అయిదుగురివి రాసుకోండి: మూడు, నాలుగు, నాలుగు, నాలుగు, అయిదు. ఆ పిల్లది మాత్రం తెలియదు. అడిగితే, ఇంతవరకు బూట్లు తొడగలేదు సార్ అంది. రేపు కాగితం మీద పాదం పెట్టించి, గీత గీసి, ఫోటో పంపిస్తాను.