హీట్ ఈక్వేషన్ కోడ్ పేలిపోతుంది, జర చూడుండ్రి

నల్గొండ ఎమ్మెస్సీ: పొద్దటి నుంచి దీని మీదనే కూసున్న. పైథాన్‌ల హీట్ ఈక్వేషన్ (వేడి ఎట్ల పాకుతదో చెప్పే సమీకరణం), మామూలు ఎక్స్‌ప్లిసిట్ పద్ధతి (పాత విలువలతోనే కొత్తవి లెక్కవెట్టుడు). మొదట మంచిగనే వస్తది, తర్వాత గ్రాఫ్ రంపంపండ్ల లెక్క అయితది, ఆఖరికి అంతా నాన్ (NaN, అంటే నంబరే కాదు). ఫార్ములా పుస్తకంల ఉన్నదే. పీహెచ్‌డీ ఇంటర్వ్యూకు ఈ ప్రాజెక్టే చూపియ్యాలె.

సున్నా శేషం: డీటీ (టైం స్టెప్పు) ఎంత? డీఎక్స్ (పాయింట్ల నడుమ దూరం) ఎంత?

దేవరకొండ మాష్టారు: అసలు సంగతి వేరే ఉంది. ఎమ్మెస్సీలో న్యూమరికల్ అనాలసిస్ అంటే కాలిక్యులేటర్‌తో రుంగే-కుట్టా ఫార్ములా నాలుగు స్టెప్పులు వేయడమే అయిపోయింది. బెంగళూరులోని పరిశోధన సంస్థలు టీఐఎఫ్ఆర్-క్యామ్‌కో, ఐఐఎస్సీకో పోవాలనుకునేవాడికి ఐగెన్ విలువలు, నార్మ్‌లు, కండిషన్ నంబర్ చేతిలో ఉండాలి. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు ఉచితమే, చూసేవాడేడీ?

సున్నా శేషం: మాష్టారూ, పిల్లగాని డీటీ ఇంకా తెలువలే.

నల్గొండ ఎమ్మెస్సీ: 0 నుంచి 1 దాక 100 ముక్కలు, డీటీ 0.001. చిన్నదే కద? గైడ్ సార్ కూడ చూసిండు.

సున్నా శేషం: చిన్నది కాదు. డిఫ్యూజన్ గుణకం 1 అయితే ఆర్ = డీటీ / డీఎక్స్ వర్గం = 10. 0.5 దాటొద్దు.

పాలమూరు కోడర్: పాయింటు పాయింటుకు ప్లస్-మైనస్ గుర్తు మారే తరంగాన్ని ఒక్కో స్టెప్పు సుమారు 1-4ఆర్ తోని గుణిస్తది. నీకు -39. 10 పవర్ -16 అంత రౌండాఫ్ కూడ పది స్టెప్పులల్ల 1 దగ్గరికొస్తది. అందుకే మొదట మంచిగ కనవడ్డది. డీటీ 0.00004 వెట్టు, ఆర్ 0.4 అయితది. టీ=0.1 కు 2500 స్టెప్పులు. లోపలి ఫర్ లూప్ తీసి నంపై స్లైసింగ్ (అర్రే అంతా ఒక్కసారే లెక్కవెట్టుడు) వాడు, ఎక్కువసేపు పట్టదు. లేకుంటే క్రాంక్-నికల్సన్ (పాత, కొత్త విలువల సగటుతోని నడిచే పద్ధతి), ఏ డీటీకైనా స్టేబుల్.

దేవరకొండ మాష్టారు: స్టేబుల్ అయినంత మాత్రాన జవాబు సరైనదని కాదు. ఆర్ 10 అయితే క్రాంక్-నికల్సన్‌లో అదే తరంగానికి గుణకం -19/21. ప్రారంభ విలువల్లో గెంతు (విలువ ఒక్కసారిగా మారడం) ఉంటే వణుకు చాలాసేపు పోదు. మొదటి రెండు మూడు స్టెప్పులు బ్యాక్‌వర్డ్ ఆయిలర్ (కొత్త విలువలతో లెక్కించే పద్ధతి) వేయాలి, దాని గుణకం 1/41.

పాలమూరు కోడర్: 1 దాటలే గద సార్, స్టేబులే.

దేవరకొండ మాష్టారు: ఏ-స్టేబుల్, అంటే పేలదు. ఎల్-స్టేబుల్ కాదు, అంటే వణుకును వెంటనే చంపదు.

పాలమూరు కోడర్: పిల్లగాడు గెంతు ఉందన్నడా? ఈ లొల్లి ఎందుకు?

సున్నా శేషం: ఇంటర్వ్యూకు రంగుల గ్రాఫులు కొంటవోకు. సైన్(π ఎక్స్) తోని మొదలువెట్టు, రెండు కొసలు సున్నా. టీ=0.1, ఎక్స్=0.5 కాడ 0.3727 రావాలె. ఆర్ 0.4 మార్చకుంట 20, 40, 80 ముక్కలకు నడుపు. తప్పు ప్రతిసారి నాలుగో వంతుకు పడాలె. ఆ పట్టిక చూపియ్యి.

నల్గొండ ఎమ్మెస్సీ: ఆగింది, థాంక్స్ అన్నా. నాలుగో వంతు వస్తుంది. పుస్తకంల ఆర్ 1/6 అని కనవడితే అది కూడ వెట్టిన, పదహారో వంతుకు పడుతుంది. మళ్ల కోడ్ తప్పా?

సున్నా శేషం: తప్పు కాదు. టేలర్ సిరీస్ రాసి చూడు, ఏ పదం కొట్టేసుకుపోతదో.