పాత డిష్‌వాషర్: మోటారు మూలుగుతోంది, తిరగడం లేదు. డబ్బు పెట్టొచ్చా?

నట్టుబోల్టు
1970ల నాటి డిష్‌వాషర్. ఉక్కు టబ్ మీద ఎనామిల్ పూత, చేత్తో తిప్పే టైమర్. చాన్నాళ్లుగా వాడలేదు. ఆన్ చేస్తే నీళ్లు వస్తున్నాయి గానీ మోటారు మూలిగి కాసేపటికి ఆగిపోతోంది. కింద మోటారు మీద తెల్లటి చారలు ఉన్నాయి. ర్యాక్ కడ్డీల కొనలు తుప్పు పట్టాయి. పాతవి ఉక్కుపిండాలంటారు కదా, బాగుచేసుకోవచ్చా? ముందు ఏది చూడాలి?

సీల్‌మేస్త్రి
ముందు ప్లగ్గు పీకేయండి. మూలిగే మోటారుకి మళ్లీ మళ్లీ కరెంటిస్తే వైండింగ్ (లోపలి రాగితీగ చుట్ట) కాలిపోతుంది. ఇప్పటిదాకా దాన్ని కాపాడింది ఓవర్‌లోడ్ ప్రొటెక్టరే (మోటారు వేడెక్కితే కరెంటు ఆపేసే స్విచ్).

కింది స్ప్రే ఆర్మ్, పంపు మూత తీసి ఇంపెల్లర్‌ని (నీటిని తోసే రెక్కల చక్రం) వేళ్లతో తిప్పండి. కదలకపోతే షాఫ్ట్ సీల్ (ఇరుసు వెంట నీళ్లు మోటారులోకి కారకుండా ఆపే భాగం) పట్టేసినట్టే. అందులో సిరామిక్ రింగు మీద కార్బన్ రింగు స్ప్రింగు ఒత్తిడితో ఆనుకుని ఉంటుంది. రెండింటి మధ్య ఉండే పలుచటి నీటి పొరే వాటికి నూనె. మిషన్ ఎండిపోతే సున్నం, డిటర్జెంట్ మడ్డి కలిసి రెండింటినీ అతికించేస్తాయి. సంప్‌లో (టబ్ అడుగున నీళ్లు చేరే గుంట) వేడినీళ్లూ కాస్త వెనిగరూ పోసి గంట వదిలి, అటూ ఇటూ మెల్లగా కదపండి. పట్టకారు వాడొద్దు, ప్లాస్టిక్ రెక్కలు విరుగుతాయి.

ఇంపెల్లర్ తేలిగ్గా తిరిగితే స్టార్ట్ రిలే చూడండి. మోటారు కదలడానికి మాత్రమే పనికొచ్చే స్టార్ట్ వైండింగ్‌కి కాసేపు కరెంటిచ్చి తీసేసే స్విచ్ అది. చాలా మోడళ్లలో దాని ప్లంజర్ (లోపల పైకీ కిందికీ కదిలే కడ్డీ) సొంత బరువుతోనే కిందికి జారి స్టార్ట్ వైండింగ్‌ని విడదీస్తుంది. అందుకే తిరిగి బిగించేటప్పుడు రిలే నిటారుగా ఉండాలి. తలకిందులైతే స్టార్ట్ వైండింగ్ లైన్‌లోనే ఉండిపోయి మాడిపోతుంది.

ఇక ఆ తెల్ల చారలు సీల్ కారుతోందనడానికి గుర్తు. ఈ డిజైన్‌లో అసలు లోపం అదే: మోటారుని నిలువుగా సరిగ్గా సీల్ కిందే పెట్టారు. కారిన ప్రతి చుక్కా షాఫ్ట్ వెంట దిగి పై బేరింగ్‌లో గ్రీజుని కడిగేస్తుంది. సీల్ రెండు ముక్కలూ కలిపే మార్చాలి, పాతదానికి కొత్తది అతకదు. రాసుకునే ముఖాల మీద వేలు పెట్టొద్దు, గ్రీజు రాయొద్దు. రబ్బరు భాగానికి సబ్బునీళ్లు చాలు.

వైర్‌కట్టర్
మోటారు తడిసిందంటే కరెంటిచ్చే ముందు బాగా ఆరబెట్టి, వైండింగుకీ బాడీకీ మధ్య 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) చూడండి. కనీసం 1 మెగాఓమ్ రావాలి. దీనికి మామూలు మల్టీమీటర్ రీడింగుని నమ్మొద్దు. హీటర్ రాడ్‌కీ ఇదే పరీక్ష. ఎర్త్ వైరు లేకుండా మాత్రం నడపొద్దు.

టైమర్ నాబ్‌ని కుడివైపుకే తిప్పాలి, వెనక్కి బలవంతపెడితే లోపలి పళ్లు పోతాయి. అదీ తలుపు గడియ తీశాకే; కరెంటుండగా తిప్పితే కాంటాక్టుల మీద నిప్పురవ్వలు లేస్తాయి.

తుప్పువైరి
మోటారు సంగతి సరే, నిర్ణయం మాత్రం టబ్‌దే. సంప్ అంచు, హీటర్ బ్రాకెట్ల చుట్టూ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. లోపలికి దిగితే ఒక్క రూపాయీ పెట్టొద్దు. గోడ మీద చిన్న పెచ్చు ఊడితే తుప్పు గీకి ఎపాక్సీ పూయొచ్చు. సంప్ అంచున అది నిలవదు. ర్యాక్ కొనలకి వినైల్ పూత, టోపీలు దొరుకుతాయి. తుప్పు పూర్తిగా గీకకపోతే పూత కిందే మళ్లీ మొదలవుతుంది.

ఇంకో లోపం. వీటిలో చాలావాటికి నీటి మట్టం తెలియదు, టైమర్ ఇచ్చినంతసేపు నింపుకోవడమే. నీళ్లు వదిలే వాల్వ్‌లో ధారని అదుపు చేసే ఫ్లో వాషర్ రబ్బరు గట్టిపడితే లెక్క తప్పుతుంది. నీళ్లు తక్కువైతే పంపు గాలి పీలుస్తూ గరగరలాడుతుంది. ఫ్లోట్ స్విచ్ (నీళ్లు ఎక్కువైతే తేలి పనిచేసే స్విచ్) ఉన్నా అది వాల్వ్‌కి కరెంటు మాత్రమే ఆపగలదు. చెత్త ఇరుక్కుని వాల్వ్ తెరుచుకుపోతే నీళ్లు ఆగవు. కాబట్టి పని అయ్యాక కుళాయి కట్టేయడం తప్పదు.

నట్టుబోల్టు
వెనిగర్ పోశాక ఇంపెల్లర్ కదిలింది. సంప్ అంచు గట్టిగానే ఉంది. సీల్ మార్చేస్తాను. నీళ్ల ఖర్చు ఎంత?

తుప్పువైరి
విడతకి 40 లీటర్లు దాటొచ్చు, కొత్తవాటిలో సుమారు 12. నీళ్లు దాదాపు 60 డిగ్రీల వేడితో లోపలికి రావాలి, మొదలుపెట్టే ముందు వేడినీళ్ల కుళాయి కాసేపు వదలండి. అప్పట్లో డిటర్జెంట్లలో ఫాస్ఫేట్ దండిగా ఉండేది. అమెరికాలో 2010 నుంచి పలు రాష్ట్రాలు వాటిలో ఫాస్ఫరస్‌ని 0.5 శాతానికి పరిమితం చేశాయి. ఇప్పటి ఎంజైమ్ డిటర్జెంట్లకి నానే సమయం కావాలి, పాత సైకిల్ అంతసేపు నానబెట్టదు. కాబట్టి వాష్ మధ్యలో తలుపు గడియ తీసి పావుగంట ఆపి మళ్లీ నడపండి.